పాత టేబుల్ సాలో మరలు పోయిన బెజ్జాలు: ట్యాపు పట్టే ముందు చూడాల్సినవి, పట్టాక చేయాల్సినవి

పాత టేబుల్ సా (టేబుల్ మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే చెక్క కోత మిషను) విప్పి బాగుచేసేవాళ్లకు ఏదో ఒక బోల్టు దగ్గర ఇది ఎదురవుతుంది. పానా తిప్పుతుంటే బిగుసుకోవాల్సిన చోట ఒక్కసారిగా తేలికైపోయి బోల్టు గిర్రున తిరుగుతుంది. వెంటనే చెయ్యి హెలికాయిల్ కిట్టు (పోయిన మరల చోట తీగ చుట్ట వేసే సరంజామా) మీదకు పోతుంది. కాస్త ఆగాలి. పోయింది బెజ్జంలోని మరలా, బోల్టు మరలా? బెజ్జం వెనక ఖాళీ ఉందా? ఆ బోల్టు మీద ఏం బరువు పడుతుంది? ఈ మూడూ తేలకుండా డ్రిల్లు పెడితే పావుగంట పని కాస్తా రెండు రోజుల పని అవుతుంది. పైగా తొలిచిన బీడు (పోత ఇనుము) తిరిగి రాదు.

ముందు బోల్టు బయటకు తీసి దాని గాడుల్లోకి చూడండి. అల్యూమినియం బెజ్జమైతే వెండి తీగలాంటి చుట్టలు గాడుల్లో ఇరుక్కుని ఉంటాయి. బీడు బెజ్జమైతే తీగ రాదు, నల్లటి పొడి రాలుతుంది. బీడు సాగే లోహం కాదు, మరల అంచులు ముక్కలై నలిగిపోతాయి. ఈ రెండూ కనబడక, బోల్టు మరలే తలలు చదునై మెరుస్తుంటే బెజ్జం బాగానే ఉండొచ్చు. అదే కొలత కొత్త బోల్టు తెచ్చి వేళ్లతోనే తిప్పండి. అయిదారు చుట్లు నున్నగా దిగి, ఊపితే పెద్దగా ఊగకపోతే బోల్టు మారిస్తే చాలు.

రెండు చుట్లకే పట్టేస్తే మరలు పోయాయని అనుకోవద్దు. పాత మిషన్లకు పెయింటు కొట్టేటప్పుడు బెజ్జాలు మూసేవాళ్లు తక్కువ. లోపల ఎండిన పెయింటు, తుప్పు, నూనెలో నానిన రంపపు పొట్టు గట్టిపడి కూర్చుంటాయి. అక్కడ కొత్త ట్యాపు (బెజ్జంలో మరలు కోసే పనిముట్టు) దింపితే మురికితో పాటు మంచి లోహాన్నీ కాస్త కోసేస్తుంది, మరలు వదులవుతాయి. మరలు శుభ్రం చేయడానికి సొంతంగా ఒక పనిముట్టు చేసుకోవచ్చు. అదే కొలత గట్టి బోల్టు తీసుకుని, కొన నుంచి పొడవునా మూడు చోట్ల హాక్సాతో గానీ సన్నటి గ్రైండర్ డిస్కుతో గానీ గాడి కోసి, అంచుల మీది పిసుళ్లను ఆకురాయితో తీసేయండి. కాస్త నూనె రాసి మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పితే మురికంతా ఆ గాడుల్లోకి చేరి బయటకు వస్తుంది, మరలకు హాని ఉండదు.

పొట్టి బోల్టే అసలు దోషి

మరలు నిజంగా పోయిన బెజ్జాల్లో కూడా చాలావాటికి మరమ్మతు అక్కర్లేదు, పొడుగు బోల్టు చాలు. మరలు ఊరికే పోవు. ఎవరో ఎప్పుడో పొట్టి బోల్టు పెట్టి ఉంటారు. లేదా కొత్త ఫెన్స్ (చెక్కను ఆనించి నెట్టే అడ్డపట్టీ) బిగించేటప్పుడు మందం పెరిగినా పాత బోల్టే వాడి ఉంటారు. బోల్టు లోపలికి వెళ్లిన నాలుగైదు మరలే బరువంతా మోసి తెగిపోతాయి. వాటి కింద బెజ్జంలో చెక్కుచెదరని మరలు ఇంకా ఉంటాయి.

లెక్క వేసి చూద్దాం. ఫెన్స్ రైలు కోణపు పట్టీ మందం 5 మి.మీ., చదును వాషర్ 1.6, స్ప్రింగ్ వాషర్ 2 అనుకుందాం. మొత్తం 8.6. అక్కడ 16 మి.మీ. పొడవున్న ఎం8 (8 మి.మీ. వ్యాసం) బోల్టు పెడితే బీడులోకి దిగేది 7.4 మి.మీ. మాత్రమే. బీడులో బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఎం8కి 12 మి.మీ. దిగాలి. ఉక్కులో ఒక రెట్టు చాలు, అల్యూమినియంలో రెండు రెట్లు ఉండాలి. ఇప్పుడు బెజ్జంలో మరలు ఎంత లోతు వరకు ఉన్నాయో కొలవండి. తల లేని పొడుగు స్టడ్డును వేళ్లతో తిప్పుతూ ఆగేదాకా దింపి, ఉపరితలం దగ్గర గీత పెట్టి బయటకు తీసి కొలిస్తే సరి. పైన పోయిన మరలను దాటగానే స్టడ్డు కింద మరలను పట్టుకోవడం చేతికి తెలుస్తుంది. మరలు 22 మి.మీ. వరకు ఉన్నాయని తేలితే, 30 మి.మీ. బోల్టుకు ఇంకో చదును వాషర్ కలిపితే 19.8 లోపలికి దిగుతుంది. పైన పోయిన 7.4 తీసేసినా 12.4 మి.మీ. మంచి మరలు దొరికినట్టే. అదనపు వాషర్ ఎందుకంటే, మరలు అయిపోయే చోటికి బోల్టు కొన చేరకూడదు. చేరితే పానాకు గట్టిగా తగులుతుంది, బిగిసిందనిపిస్తుంది, కానీ పట్టీ మాత్రం వదులుగానే ఉంటుంది. ఇంకా బలం పెడితే ఆ మిగిలిన మరలు కూడా పోతాయి.

25 మి.మీ. బోల్టు పెడితే మంచి మరలు 9 మి.మీ. మాత్రమే దొరుకుతాయి. కవరు, పొట్టు గొట్టం లాంటివాటికి చాలు. ఫెన్స్ రైలుకు, ట్రునియన్‌కు (బ్లేడు యంత్రాంగాన్ని మోసే పోత భాగానికి) చాలదు.

కొలత తెలియకుండా చేతిలో ఉన్న బోల్టు దూర్చడం

మరలు పోవడానికి రెండో పెద్ద కారణం ఇది. పాత అమెరికన్ మిషన్లలో మరలు అంగుళాల లెక్కలో ఉంటాయి: 1/4 అంగుళం బోల్టుకు అంగుళం పొడవున 20 మరలు, 5/16కి 18, 3/8కి 16. ఇవి యు.ఎన్.సి. (అమెరికన్ ముతక ప్రమాణం) మరలు. పాత బ్రిటిష్ మిషన్లలో విట్‌వర్త్ మరలు వస్తాయి. చిన్న సైజుల్లో మరల సంఖ్య ఒకటే, కోణం మాత్రం 60 డిగ్రీలకు బదులు 55. అందుకే చాలాచోట్ల ఒకటి ఇంకోదానిలో దిగుతుంది. కానీ 1/2 అంగుళం దగ్గర విట్‌వర్త్‌కు 12 మరలు, యు.ఎన్.సి.కి 13. అక్కడ కలవదు. మిగతావి మిల్లీమీటర్ల మరలు: ఎం6కి 1.0, ఎం8కి 1.25, ఎం10కి 1.5 పిచ్చు (మరకూ మరకూ మధ్య దూరం, మి.మీ.లలో).

తంటా ఎక్కడొస్తుందంటే, 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. ఎం8తో పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ పిచ్చు 1.41కీ 1.25కీ చాలా దూరం. ఎం8 బోల్టు ఆ బెజ్జంలో రెండు మూడు చుట్లు దిగి పట్టేస్తుంది. అక్కడ పానాతో బలం పెడితే గట్టి బోల్టు మెత్తటి బీడు మరలను గీరేసుకుంటూ పోతుంది. 3/8 బోల్టు, ఎం10 బెజ్జం జత ఇంకా మోసకారి. పిచ్చు 1.59, 1.5 కాబట్టి తేడా కొంచెమే, బోల్టు సన్నం కాబట్టి వదులుగా చాలా లోతుకు దిగిపోతుంది. సరిపోయిందనుకుంటాం, బిగించేటప్పుడు గానీ బండారం బయటపడదు. పిచ్చు గేజి ఒకటి దగ్గరుంచుకోండి. పాత మిషను మీద ఇదివరకు ఎవరు చెయ్యి పెట్టారో తెలియదు కాబట్టి ఒకే ఫెన్స్ రైలుకున్న నాలుగు బెజ్జాల్లో మూడు అంగుళాలవీ ఒకటి మిల్లీమీటర్లదీ ఉండటం వింతేమీ కాదు. ప్రతి బెజ్జాన్నీ విడిగా చూడాలి.

ఏ బెజ్జానికి ఏ మందు

బెజ్జం వెనక చెయ్యి పట్టే చోటు ఉంటే మరల మరమ్మతే వద్దు. టేబుల్ ముందు అంచున ఫెన్స్ రైలు బిగించే బెజ్జాలు చాలా మిషన్లలో అంచు గోడను దాటి అవతలికి వెళ్తాయి. ఎం8కి 9 మి.మీ. బిట్టుతో మరలన్నీ తీసేసి, అవతల మందపాటి వాషర్, నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు) పెట్టి బిగిస్తే కొత్తదానికంటే గట్టిగా ఉంటుంది. లోపలి వైపు బీడు ముఖం గరుకుగా, వాలుగా ఉంటుంది కాబట్టి వాషర్ కూర్చునే మేర ఆకురాయితో చదును చేయాలి. లేకపోతే నట్టు ఒక పక్కే ఆనుతుంది, బోల్టు వంగుతుంది. దీన్ని నామోషీగా భావించేవాళ్లున్నారు. నా లెక్కలో ఫెన్స్ రైలుకు ఇంతకంటే మంచి దారి లేదు.

సైజు పెంచడం రెండో దారి. ఇందులో ఒక సౌకర్యం ఉంది. 5/16 బెజ్జంలో మరలన్నీ పోతే మిగిలే వ్యాసం దాదాపు 7.94, సరిగ్గా 3/8–16 ట్యాపుకు కావాల్సిన డ్రిల్లు సైజు. 8 మి.మీ. బిట్టు ఒకసారి దింపి శుభ్రం చేసి నేరుగా ట్యాపు పట్టొచ్చు. 1/4 నుంచి 5/16కి వెళ్లాలంటే 6.6, ఎం6 నుంచి ఎం8కి 6.8, ఎం8 నుంచి ఎం10కి 8.5 బిట్టు. చిక్కు రెండో వైపు వస్తుంది. బోల్టు లావైతే ఎదుటి భాగంలోని బెజ్జం కూడా పెంచాలి. రైలు పట్టీకైతే ఫర్వాలేదు. ట్రునియన్‌లో పెంచితే బ్లేడు సరిచేసుకోవడానికి ఉండే ఆట మారుతుంది, కొన్నిచోట్ల బోల్టు తలకు చోటు చాలదు. అక్కడ మెట్టు స్టడ్డు పనికొస్తుంది. కింద ఎం10, పైన ఎం8 మరలతో లేత్ మీద తీయించిన స్టడ్డును ఎర్ర లాక్‌టైట్ 271 (మరలు ఊడకుండా పట్టే జిగురు)తో బీడులో శాశ్వతంగా దింపేసి, పైన నట్టుతో బిగిస్తాం. ఎదుటి బెజ్జాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు విప్పినా అరిగేది నట్టే గానీ బీడు కాదు. తరచూ విప్పి బిగించే చోట మరలు బాగున్నా సరే స్టడ్డే మేలు.

మూడోది హెలికాయిల్, అంటే స్టెయిన్‌లెస్ తీగ చుట్ట. పాత సైజు బోల్టే వాడుకోవచ్చు. ఎం8 హెలికాయిల్ ట్యాపు బయటి వ్యాసం 9.6 మి.మీ. దాటుతుంది. అంటే బెజ్జం చుట్టూ ఉన్న బీడు దిమ్మ కనీసం 18–20 మి.మీ. ఉండాలి. అంచుకు దగ్గరగా ఉన్న బెజ్జానికి ఇది పెడితే ట్యాపు తిప్పుతుండగానే అంచు పగులుతుంది. గోడ మందంగా ఉండే గట్టి ఇన్సర్టులు ఇంకా బలమైనవే, కానీ అవి ఇంకా ఎక్కువ చోటు అడుగుతాయి. విప్పి బిగించడం రోజూ ఉండే అల్యూమినియం భాగాల్లో అవి తీగ చుట్టకంటే ఎక్కువ కాలం ఆగుతాయి.

బెజ్జం ఇప్పటికే ఎవరో వంకరగా తొలిచి పాడుచేసి ఉంటే ప్లగ్గే దారి. ఎం8 బెజ్జాన్ని 12.5 మి.మీ.కు పెంచి, ఎం14×1.5 ట్యాపు పట్టి, ఉక్కు ప్లగ్గును ఎర్ర లాక్‌టైట్‌తో దింపి, ఒక రోజు ఆరనిచ్చి, పైముఖం చదును చేసి, మధ్యలో పంచు కొట్టి 6.8తో తొలిచి ఎం8 ట్యాపు పట్టాలి. ప్లగ్గులో బెజ్జాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ కొద్దిగా జరపొచ్చు. వంకర బెజ్జాన్ని అసలు చోటికి తెచ్చేది ఇదొక్కటే.

ఉక్కు పొడి కలిసిన ఎపాక్సీ నింపి, మైనం రాసిన బోల్టు దింపి మరలు పోసుకునే పద్ధతి గురించి ఒక్క మాట. త్రోట్ ప్లేటు (బ్లేడు చుట్టూ టేబుల్ తెరుపును మూసే పలక) మట్టం చేసే స్క్రూలకు, పొట్టు గొట్టానికి, కవరుకు పనికొస్తుంది. ట్రునియన్, మోటారు, రివింగ్ నైఫ్ పట్టీ, బ్లేడు గార్డు — వీటిలో దేనికీ వద్దు. ఆ బోల్టు ఊడితే బ్లేడు పక్కకు తిరుగుతుంది, లేదా చెక్కను బ్లేడుకు దూరంగా ఉంచాల్సిన పలక బ్లేడు మీదే పడుతుంది.

త్రోట్ ప్లేటు చెవుల దగ్గర ఎపాక్సీ కూడా అనవసరమే. టేబుల్‌లోని ఆ సన్నటి చెవుల్లో మరలు పోతే అక్కడ మళ్లీ ట్యాపు పడితే చెవే విరిగే ప్రమాదం ఉంది. మట్టం స్క్రూలను ప్లేటులోకే మార్చేయండి. ప్లేటులో నాలుగు మూలలా ఎం5 గ్రబ్ స్క్రూలు (తల లేనివి) పెడితే అవి చెవుల మీద ఆని ప్లేటును లేపుతాయి, చెవులకు మరలు అక్కర్లేదు.

టేబుల్ అడుగున హెలికాయిల్ వేసే తీరు

కష్టమైన చోటు ఇదే. కాంట్రాక్టర్ తరహా మిషన్లలో ట్రునియన్లు టేబుల్ అడుగుకు వేలాడుతూ ఉంటాయి. బోల్టులు కింద నుంచి పైకి టేబుల్ బీడులోకి దిగుతాయి. లోతు తప్పితే డ్రిల్లు టేబుల్ పైముఖాన్ని పొడుచుకుని బయటకు వస్తుంది. అందుకని మొదటి పని కొలత. బెజ్జం లోతు వెర్నియర్ తోకతో కొలవండి. ఆ చోట బీడు మొత్తం మందం బయటి అంచు మందాన్ని బట్టి అంచనా వేయొద్దు, అంచు ఎప్పుడూ మందంగానే ఉంటుంది. టేబుల్ తిరగేసి ఉన్నప్పుడు త్రోట్ ప్లేటు తెరుపు దగ్గర పలక మందం కొలిచి, ఆ పలక అడుగు నుంచి దిమ్మ ఎంత ఎత్తు లేచిందో దానికి కలిపితే అసలు మందం వస్తుంది. బిట్టు కొన కోణం 118 డిగ్రీలైతే కొన ఒక్కటే వ్యాసంలో 0.3 వంతు ముందుకు పోతుంది. 8.4 బిట్టుకు అది 2.5 మి.మీ. పైముఖానికి కనీసం 4 మి.మీ. బీడు మిగలాలని లెక్క పెట్టుకుని, బిట్టుకు స్టాపు కాలర్ బిగించండి. టేపు చుట్టడం గుర్తుగా పనికొస్తుంది గానీ ఆపదు.

విప్పే ముందు మిషను కరెంటు ప్లగ్గు పీకేయాలి. స్విచ్చు ఆపడం చాలదు. బ్లేడు తీసేయండి. మోటారును బేరింగుల వైపు నుంచి ప్లాస్టిక్ కవరుతో గట్టిగా చుట్టండి. బీడు రజను సన్నగా ఉండి ఎక్కడికైనా దూరుతుంది, బేరింగులో చేరితే ఇసుకలా అరగదీస్తుంది.

ఎం8 హెలికాయిల్‌కు కిట్టులో 8.3 లేదా 8.4 బిట్టు వస్తుంది. ఎం6కి 6.2–6.3, ఎం10కి 10.4 దగ్గర. 5/16–18కి 8.4, 3/8–16కి 9.9 చుట్టూ. కిట్టుతో వచ్చిన బిట్టే వాడండి, దగ్గర సైజుతో సర్దుకుంటే ట్యాపు విరుగుతుంది లేదా చుట్ట వదులవుతుంది. 8 మి.మీ. పాత బెజ్జంలో 8.4 బిట్టు దింపడం కొత్త బెజ్జం కొట్టడంకంటే కష్టం. బిట్టు అంచులు మాత్రమే లోహాన్ని తాకుతాయి కాబట్టి కొనకు ఆధారం ఉండదు. అది లోపలికి లాక్కుంటుంది, లేదా ఊగి మూడు మూలల బెజ్జం చేస్తుంది. డ్రిల్ ప్రెస్ మీదైతే నిమిషానికి 500–700 తిరుగుళ్లు, చేతి డ్రిల్లుతో 300–400. చేతి డ్రిల్లు తప్పకపోతే గైడు దిమ్మ చేసుకోండి. 25 మి.మీ. మందం ఉక్కు గానీ గట్టి కర్ర గానీ తీసుకుని డ్రిల్ ప్రెస్ మీద నిటారుగా అదే 8.4 బెజ్జం కొట్టి, పాత బెజ్జం మీద సరిగ్గా పెట్టి క్లాంపు చేయాలి. సరిగ్గా కూర్చోబెట్టడానికి పాత బెజ్జంలోకి 8 మి.మీ. కడ్డీ దింపి, దాని మీదుగా దిమ్మ దించి, క్లాంపు బిగించాక కడ్డీ తీసేయండి. రెండు మి.మీ.లకోసారి ఆపి రజను అయస్కాంతంతో తీయాలి.

బీడుకు కోత నూనె అక్కర్లేదు. అందులోని గ్రాఫైటే నూనె పని చేస్తుంది. నూనె పోస్తే పొడి ముద్దలా మారి బెజ్జం అడుగున, ట్యాపు గాడుల్లో గట్టిగా పేరుకుంటుంది. గుడ్డి బెజ్జంలో (అవతలికి తెరుచుకోని బెజ్జంలో) ట్యాపు విరగడానికి ఇదే తరచు కారణం. బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పొడవున్న చుట్టకు 12 మి.మీ. పూర్తి మరలు కావాలి. ట్యాపు కొనలోని సగం కోసే పళ్లు అడుగున మిగులుతాయి కాబట్టి డ్రిల్లు లోతు 17 మి.మీ. దాకా ఉండాలి. అంత చోటు లేకపోతే ముందు టేపర్ ట్యాపు (కొన సన్నబడేది), తర్వాత బాటమింగ్ ట్యాపు (అడుగుదాకా కోసేది) వాడి 15 దగ్గర ఆపండి. అదీ లేకపోతే ఒక రెట్టు చుట్ట, 8 మి.మీ. వేసుకుని బిగువు తగ్గించుకోవాలి.

ట్యాపు నిటారుగా మొదలవడం అన్నిటికంటే ముఖ్యం. తొలి రెండు చుట్లయ్యాక మూలమట్టం పెట్టి రెండు దిక్కుల నుంచి చూడండి. నాలుగో చుట్టు తర్వాత వంకర సరిచేయబోతే ట్యాపే విరుగుతుంది. డ్రిల్ ప్రెస్ ఉంటే దాని కరెంటు ప్లగ్గు పీకి, చక్‌లో ట్యాపు పట్టించి, కప్పీని చేత్తో తిప్పితే దానంతటదే నిటారుగా దిగుతుంది. బీడుకు ముందుకు సగం, వెనక్కు పావు చొప్పున తిప్పాలన్న నియమం తప్పనిసరి కాదు, పొడి కాబట్టి తెగుతూనే ఉంటుంది. కానీ ప్రతి నాలుగు చుట్లకూ ట్యాపు పూర్తిగా తీసి ఊదాలి. ఊదేటప్పుడు కళ్లద్దాలు ఉండాలి.

చుట్ట దింపేటప్పుడు కిందికి నొక్కకూడదు. మాండ్రెల్ (చుట్టను పట్టి తిప్పే కడ్డీ) తిప్పితే చాలు, చుట్ట తనే మరల్లోకి పాకుతుంది. నొక్కితే ఒక మర దాటి పక్క గాడిలోకి దూకుతుంది, బోల్టు మధ్యలో ఆగిపోతుంది. బెజ్జం ముఖం నుంచి పావు నుంచి అర చుట్టు లోపలికి పోయేదాకా దింపండి. ముఖానికి సమంగా ఉంచితే బోల్టు బిగించేటప్పుడు పైచుట్టు లేచి వస్తుంది. అడుగున ఉన్న తోకను పంచుతో ఒక్క దెబ్బ కొడితే విరుగుతుంది. దాన్ని అయస్కాంతంతో తీయాలని చూడకండి, స్టెయిన్‌లెస్ సరిగా అంటదు. కొనకు గ్రీజు రాసిన కడ్డీతో తీయండి. గుడ్డి బెజ్జంలో బోల్టు కొనకు తగలదంటే ఉన్నా నష్టం లేదు.

బోల్టుకు లాక్‌టైట్ వాడాలంటే నీలం 243, అది కూడా ఒక చుక్క. బోల్టుకు ఎరుపు రాస్తే మళ్లీ విప్పేటప్పుడు బోల్టుతో పాటు చుట్ట కూడా చక్కగా బయటకు వస్తుంది. ఎరుపు రాసిన చోట విప్పాలంటే 250 డిగ్రీల వరకు వేడి చేయాల్సి ఉంటుంది.

ట్యాపు విరిగితే దాన్ని మామూలు బిట్టుతో తొలిచే ప్రయత్నం వ్యర్థం, ట్యాపు అంతకంటే గట్టిది. పెళుసు కాబట్టి సన్నటి పంచుతో కొట్టి ముక్కలు చేసి ఏరాలి, కుదరకపోతే కార్బైడ్ బర్రుతో నిదానంగా తినిపించాలి. విలువైన టేబుల్ అయితే స్పార్క్ ఎరోజన్ (విద్యుత్ మెరుపులతో లోహాన్ని తినిపించడం) చేసే మిషను షాపుకు ఇవ్వడమే తెలివి. విడదీయగల అల్యూమినియం భాగంలో మామూలు ఉక్కు ట్యాపో బోల్టో విరిగితే పటిక నీళ్లలో వేడిగా నానబెట్టొచ్చు. గంటల తరబడి ఓపిక పడితే పటిక ఉక్కును కరిగిస్తుంది, అల్యూమినియాన్ని పెద్దగా ముట్టదు. బీడుకు మాత్రం ఈ చిట్కా వద్దు, ఇనుమే కదా, అది కూడా కరుగుతుంది.

అల్యూమినియం, జింకు భాగాలు

చిన్న మిషన్లలో ట్రునియన్లు, చేతి చక్రాలు, మోటారు పట్టీలు అల్యూమినియం లేదా జింకు పోతలో ఉంటాయి. ఇక్కడ ట్యాపుకు కిరసనాయిలు లాంటి పల్చటి ద్రవం వాడాలి. పొడిగా కోస్తే లోహం ట్యాపు పళ్లకు అంటుకుని మరలను చించేస్తుంది. డ్రిల్లు బిట్టు కూడా లోపలికి లాక్కుంటుంది. బిట్టు కోత అంచుల మీద ఆయిల్ స్టోనుతో సన్నటి చదును రుద్దితే ఆ లాగుడు పోతుంది.

చేతి చక్రం గ్రబ్ స్క్రూ మరలు పోతే పాత బెజ్జంతో కుస్తీ పట్టకండి. దానికి 90 డిగ్రీల పక్కన కొత్త బెజ్జం 5 మి.మీ.తో కొట్టి ఎం6 ట్యాపు పట్టండి. షాఫ్టు మీద ఆ చోట ఆకురాయితో చిన్న చదును తీస్తే స్క్రూ కొన దాని మీద కూర్చుంటుంది, చక్రం జారదు. జింకు కప్పీకైతే మరమ్మతు వద్దు. బీడు కప్పీ కొని పెట్టండి. జింకు కప్పీ స్క్రూ వదులయ్యే సమయానికి లోపలి బోరూ తాళపు గాడీ కూడా అరిగే ఉంటాయి, వణుకు ఎటూ పోదు.

బిగువు విషయానికొస్తే, 8.8 గ్రేడు బోల్టుకు పొడి మరల మీద ఎం6కి 10, ఎం8కి 25 న్యూటన్ మీటర్లు మామూలు లెక్క. అది ఉక్కు నట్టుకు చెప్పే అంకె. బీడులో సరిపడా లోతుంటే అంతవరకు వెళ్లొచ్చు. అల్యూమినియంలో ఎం8ని 15 దగ్గర ఆపేయడం నా అలవాటు. నూనె రాసిన మరలైతే ఎక్కడైనా ఇంకో అయిదో వంతు తగ్గించాలి. పొడుగు పిడి పానా పక్కన పెట్టండి.

ఆర్బర్ సంగతి వేరు

బ్లేడు కూర్చునే షాఫ్టు, అంటే ఆర్బర్, మరల మీద పైన చెప్పినవేవీ ప్రయోగించకూడదు. చాలాసార్లు పోయేది నట్టే. అది మెత్తటి ఉక్కు, ముందు అదే అరుగుతుంది. కొత్త నట్టు తెచ్చి చూడండి. కొన్ని మిషన్లలో ఆర్బర్ మర ఎడమ చేతి మర. కుడి మర అనుకుని ఎదురు దిశలో బలం పెట్టి మరలు పాడుచేసుకోవడం మామూలే. కంటితో మర వాలు చూసి తేల్చుకోవాలి. తొలి ఒకటి రెండు మరలకు దెబ్బ తగిలి ఉంటే సన్నటి ముక్కోణపు ఆకురాయితో గానీ చీలిక డైతో (బోల్టు మీద మర కోసే, తెరిచి మూయగల పనిముట్టుతో) గానీ సరిచేయొచ్చు. చీలిక డైని బాగున్న మరల మీద బాగా తెరిచి పెట్టి మెల్లగా దగ్గర చేయాలి.

నట్టు కూర్చునే మేర మరలు అరిగి పదును తేలి ఉంటే ఆర్బర్ మార్చాల్సిందే. వెల్డింగు చేసి మళ్లీ మర తీయిస్తే వేడికి షాఫ్టు వంగుతుంది, బ్లేడు ఊగుతుంది. ఆర్బర్ ఎలాగూ బయటకు వస్తుంది కాబట్టి బేరింగులూ అప్పుడే మార్చేయండి. ఆర్బర్ మరలు తినేసే అలవాటు ఒకటుంది. డాడో బ్లేడ్లు (వెడల్పు గాడి తీసే బ్లేడ్లు) మందంగా పేర్చి, నట్టు సగమే ఎక్కినా బిగించేస్తారు. ఆర్బర్ కొన నట్టు ముఖానికి సమంగానైనా రావాలి. రాకపోతే పేర్పు తగ్గించి, గాడిని రెండుసార్లలో తీయండి.

మళ్లీ కూర్చోబెట్టడం

ట్రునియన్ బోల్టులు విప్పారంటే బ్లేడు దిశ పోయినట్టే. అన్ని బోల్టులూ వదులుగా పెట్టి, మైటర్ గాడిలో (టేబుల్ మీద బ్లేడు పక్కన ఉండే పొడుగు గాడిలో) జారే దిమ్మకు డయల్ ఇండికేటర్ (సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) బిగించండి. బ్లేడు మీద ఒక పన్నుకు గుర్తు పెట్టి, దాన్ని ముందు వైపున కొలిచి, బ్లేడు తిప్పి అదే పన్నును వెనక వైపున కొలవాలి. వేర్వేరు పళ్లను కొలిస్తే బ్లేడు వంకర కూడా లెక్కలో కలిసిపోతుంది. తేడా 0.1 మి.మీ. లోపు రావాలి. ట్రునియన్‌ను కర్ర సుత్తితో తట్టి జరుపుతూ, బోల్టులను ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించండి. ప్రతి విడత తర్వాత మళ్లీ కొలవాలి, బిగింపే దాన్ని జరుపుతుంది.

ఈ బోల్టుల కింద స్ప్రింగ్ వాషర్లు తీసేయండి. వాటి పదును అంచు ట్రునియన్ గాడిలో గుంట చేస్తుంది. తర్వాత ఎప్పుడు 0.1 జరపాలన్నా బోల్టు ఆ పాత గుంటలోకే జారిపోతుంది. మందపాటి గట్టి చదును వాషర్ చాలు, ఊడకుండా నీలం లాక్‌టైట్ చూసుకుంటుంది.

బ్లేడును 45 డిగ్రీలకు వంచి మళ్లీ కొలవండి. నిటారుగా సరిపోయి, వంచితే 0.2 తప్పితే బోల్టుల తప్పు కాదు, టేబుల్‌కూ ట్రునియన్‌కూ మధ్య మట్టం తప్పింది. ముందు ట్రునియన్ కింద గానీ వెనక దాని కింద గానీ 0.1 మి.మీ. ఇత్తడి షిమ్ము (పల్చటి రేకు) పెట్టి చూడాలి. ఏ వైపన్నది ఒకసారి పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది. ప్లగ్గు వేసిన లేదా సైజు పెంచిన బెజ్జం ముఖం దిమ్మ మీద కొద్దిగా ఉబ్బి ఉన్నా ఇదే లక్షణం కనబడుతుంది. షిమ్ము వెతికే ముందు ఆ ముఖం మీద చదును ఆకురాయి ఒకసారి లాగి, ట్యాపు లేపిన పిసురు లేదని చూసుకోండి.

పది గంటల పని తర్వాత ఒకసారి పానా పెట్టి బిగువు చూడండి. లాక్‌టైట్ రాసిన బోల్టును తిప్పకండి, కదిలిస్తే పట్టు తెగుతుంది. బోల్టు తల మీదా పక్క బీడు మీదా కలిపి పెయింటు గీత పెట్టుకుంటే, గీత విరిగిందో లేదో చూస్తే చాలు.